పొగరు కాదు, ఎముక

మా పిన్ని పోయిన వారం కన్నుమూసింది. నౌపడ అవతల, సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊరి నుంచి చెల్లెలు ఫోన్ చేసి, "అమ్మ ఎల్లిపోయిందక్కా" అంది. గుండె జబ్బు కొన్నాళ్లుగా ఉన్నదే.

పిన్ని చేపలమ్మేది. గంప పట్టుకుని నౌపడలో రైలెక్కి కోటబొమ్మాళి సంతకు వెళ్లేది. రెండో కాన్పు తర్వాత ఆమెకు వినికిడి మందగించింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే సంతలో నలుగురు ఒక్కసారి బేరమాడినా నలుగురికీ జవాబు చెప్పేది. ఇంట్లో మాత్రం వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. తన మాటా గొణిగినట్టు మెల్లగా ఉండేది. వాళ్ల అత్తగారు ఊరుకునే మనిషి కాదు.

"సంతలో బేరం ఇనబడతాది గానీ, ఇంట్లో నా పిలుపు ఇనబడదేటే? పొగరు కాకపోతే!"

"ఇనబడితే పలకనేటత్తా?" అనేది పిన్ని. ఎవరూ నమ్మేవారు కాదు.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఉయ్యాల్లోంచి పడి గుక్కపట్టి ఏడ్చింది. గుమ్మం బయట వసారాలో అటు తిరిగి ఎండుచేపలు ఏరుతున్న పిన్ని తలెత్తలేదు. పరిగెత్తుకొచ్చిన అత్తగారు ఏమీ ఎరగని కోడలి ముఖం చూసి, ఆ ఒక్కసారి తిట్టలేదు. మర్నాడు తనే శ్రీకాకుళం తీసుకొచ్చింది. అక్కడ చదువుకుంటున్న నేనూ వాళ్లతో వెళ్లాను.

డాక్టరమ్మ చెవిలోకి చూసి, పరీక్ష చేయించి, "గోలగా ఉన్నచోట బాగా వినిపిస్తుందా అమ్మా?" అని అడిగింది.

"రైల్లో, సంతలో బాగానే ఇనబడతాదమ్మా. ఇంట్లోనే లేదు."

కాగితం మీద బొమ్మ గీసి చూపించిందామె. కర్ణభేరి వెనక మూడు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయట. చివరిది బియ్యపుగింజలో సగం కూడా ఉండదు. అది కదిలితేనే శబ్దం లోపలికి వెళుతుంది. పిన్నికి అది బిగుసుకుపోయింది. సంతలో అందరూ గొంతు పెంచి మాట్లాడతారు కాబట్టి వినబడేది.

పిన్ని అత్తగారి వైపు తిరిగింది. "పొగరు కాదంటత్తా. ఎముకంట."

ఆపరేషన్ చేసి ఆ ఎముక స్థానంలో చిన్న పుల్లలాంటిది అమర్చారు. బరువులెత్తొద్దన్నన్ని రోజులూ చేపల గంప అత్తగారే మోసింది. కట్టు విప్పాక ఇంటిల్లిపాదీ అలవాటుగా అరుస్తుంటే, "మెల్లగా సెప్పండర్రా, నాకేటి సెవుడా?" అని పిన్ని కసిరింది. రెండో చెవికీ చేయించుకోమంటే, "ఒకటి సాల్లే. రెండోది నిద్దరకి" అంది.

ఆ తర్వాత ఎవరి పిల్లకు చెవి కారుతోందన్నా వదిలేది కాదు. "నూనె పొయ్యకే. పిన్నీసు పెట్టకు. డాక్టరుకి సూపించు" అని వెంటపడేది. ఈ ఎముక జబ్బు రక్తసంబంధంలో రావచ్చని డాక్టరమ్మ చెప్పడంతో తన అక్క అయిన మా అమ్మనీ నన్నూ పరీక్షకు లాక్కెళ్లింది. అమ్మకు ఏమీ లేదు. నాకు ఎడమ చెవిలో మొదలైందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు మిషను పెట్టుకుని వింటున్నాను.

ఆ రోజు పరీక్ష గదిలో నేను కూర్చున్నాను. చెవులకు తగిలించిన వాటిలో శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. ఆ శబ్దం తనకు వినబడకపోయినా, అద్దం అవతల నిలబడి పిన్ని నేను ఎత్తినప్పుడల్లా తన వేలూ ఎత్తుతోంది. కాసేపటికి నాకేమీ వినబడలేదు. నా చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. అద్దం అవతల పిన్ని వేలు మాత్రం దించలేదు. నేనెప్పుడు ఎత్తుతానా అని నా చేతి వైపే చూస్తూ నిలబడి ఉంది.