అద్దాల మామ చెప్పిన మాట, నేను చెప్పిన మాట

అద్దాల మామ పోయాడన్న సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. వడమాలపేట హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడం నా మూడో ఉద్యోగం. సాయంత్రం బడి వదిలాక తిరుపతి బస్సెక్కితే, టికెట్ చించి ఇస్తూ, "మీ వీధిలో అద్దాలు బిగించే సాయిబు పొద్దున పోయినాడంట మేడమ్. ఈ బస్సు ముందద్దం ఆయన పెట్టిందే" అన్నాడు. నేను ఆ అద్దం వైపు చూడలేకపోయాను. ఎందుకు చూడలేకపోయానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వీధిలో పిల్లలందరికీ ఆయన మామే. రేణిగుంట రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని బస్సులకు, లారీలకు, అంబాసిడర్ కార్లకు అద్దాలు బిగించేవాడు. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో సన్నటి తాడు పెట్టేవాడు. బయటినుంచి ఒకరు అద్దాన్ని అరచేతులతో అదుముతుంటే, లోపల కూర్చుని తాడు లాగేవాడు. తాడు వస్తున్న కొద్దీ రబ్బరు అంచు ఇనప చట్రం మీదికి ఎక్కి కూర్చునేది. రబ్బరు జారడానికి మిగతావాళ్ళు నూనె పూసేవారు. ఈయన కుంకుడు రసం పూసేవాడు.

"నూనె రబ్బరును తినేస్తాది పాపా. కుంకుడుకాయ అట్ల గాదు, పనైనాక పోతాది. సుట్టం మాదిరి ఉండిపోదు" అని నవ్వేవాడు.

ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. "నాదేముండాది? అంతా మా ఉస్తాద్ పని. నేను పక్కన నిలబడినోణ్ణి." ఆ ఉస్తాద్ పోయి అప్పటికే చాలా ఏళ్ళు. పనిని తనదని చెప్పుకోవడం నేర్పినవాడి అన్నం లాక్కోవడమేనని ఆయన లెక్క. ఆయన ఆ మాట అన్నాడంటే పని తన చేతిదేనని, ఇక దానికి వంక పెట్టడానికి లేదని మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా, బండ్ల అద్దాలు బాగుచేసే విదేశీ కంపెనీ ఒకటి మద్రాసులో షాపు తెరిచింది. తర్వాత కొలంబోలో, సింగపూరులో కూడా తెరుస్తారట. అక్కడి పనివాళ్ళకు మద్రాసులో పని నేర్పడానికి మేస్త్రీ కావాలని చిత్తూరు బస్సు ఓనర్లను అడిగితే, అందరూ మామనే చూపించారు. పని చూడ్డానికి ఆ కంపెనీ దొర వస్తున్నాడని కబురందగానే మామ మా ఇంటికి వచ్చాడు.

"పాపా, నాకు ఇంగ్లీసు రాదు. నువ్వే సెప్పాల."

"నీకేమబ్బా, రేపు శ్రీహరికోటోళ్ళు రాకెట్టుకు అద్దం పెట్టాలన్నా నిన్నే పిలుస్తారు" అన్నాడు మా నాయన.

"ముందు ఇది రానీబ్బా. సచ్చేలోగా ఈ పని నలుగురికి నేర్పాలని ఉండాది."

ఆ రోజు దొర చూస్తుండగా మామ ఒక బస్సుకు ముందద్దం బిగించాడు. దొర ఫొటోలు తీసుకున్నాడు. నా ఇంగ్లీషు చాలా బాగుందని రెండుసార్లు అన్నాడు. నేను ఇస్త్రీ చీరలో ఉన్నాను. మామ ఎగగట్టిన లుంగీతో, మోచేతుల దాకా నురగతో దిగివచ్చి, "ఈ పాప మా ఇంటి పిల్లేనని సెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. కాస్త పక్కకు జరిగాను కూడా.

ఈ పద్ధతి ఇతనిదేనా అని దొర అడిగాడు.

"నాదేముండాదని సెప్పు పాపా. అంతా మా ఉస్తాద్ పని. నేను పక్కన నిలబడినోణ్ణి."

ఒక్క మాట పోనివ్వకుండా ఇంగ్లీషులో పెట్టాను. పనంతా ఇతని గురువుదట, ఇతను పక్కన నిలబడే మనిషట. ఆ గురువు ఎక్కడున్నాడని అడిగితే, చనిపోయాడన్నాను. దొర విచారంగా తలూపి, పుస్తకంలో ఏదో రాసుకుని మూసేశాడు. మూసినప్పుడే నాకు తెలిసింది, మామను ఉత్త చేతికింద మనిషి అనుకున్నాడని. ఇంకొక్క వాక్యం చెబితే సరిపోయేది. కానీ నేను సరిగ్గా చెప్పలేదని ఒప్పుకోవాలి, అదీ నా ఇంగ్లీషును మెచ్చుకున్న మనిషి ముందు. కారు వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

వచ్చేది ఇంగ్లీషు ఉత్తరం కదా అని మామ దొరకు మా ఇంటి చిరునామా ఇచ్చాడు. మూడు నెలలు, పోస్టుమాన్ వచ్చే వేళకు షెడ్డు వదిలి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. చివరికి, "ఇంగ్లీసు వచ్చినోడు కావాల్నేమోలే" అన్నాడు. "అంతే అయ్యుంటుంది మామా" అన్నాను.

కొన్నేళ్ళకు ఆ కంపెనీ గ్యారేజీలకు పంచిన బొమ్మల పుస్తకం ఒకటి మామ పట్టుకొచ్చి చదవమన్నాడు. ఎన్నో దేశాల్లో షాపులు పెట్టారని, అన్నిచోట్లా ఈ పద్ధతే నేర్పుతున్నారని అందులో ఉంది. తాడు లాగుతున్న చేతుల ఫొటో మామదే.

"మా ఉస్తాద్ పని సింగపూరు పోయింది సూడు!" అని మురిసిపోయాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఉస్తాద్ పేరు ఏసినారా?"

"లేదు మామా."

"అంతా ఉస్తాద్ పనేనని నువ్వు సెప్పినావు గదా వాళ్ళకి?"

"చెప్పినా మామా." అది అబద్ధం కాదు.

మామ పోయిన మూడోనాడు వాళ్ళింటికి వెళ్ళాను. మామ భార్యను అత్తా అనే పిలుస్తాను. ఆమె పక్కన చాప మీద కూర్చుని, పక్కకు జరిగిన సంగతితో సహా అంతా చెప్పేశాను.

"ఆయన మాటకు అర్థం నీకు తెలుసు గదమ్మా?"

"తెలుసత్తా."

ఆమె చాప అంచున లేచిన పుల్ల పీకి పక్కన పడేసింది. తిడితే బాగుండుననుకున్నాను.

"మల్ల ఎట్ల సెప్పాల్సింది? ఆ దొరకు సెప్పినట్టే, ఇంగ్లీసులో సెప్పు."

చెప్పాను. ఈ పనిలో ఇంతటి మనిషిని నేను చూడలేదని, ఈయన నేర్పితే ఎవరికైనా వస్తుందని, నేను ఈయన ఇంటి పిల్లనని.

"ఇంగోతూరి" అంది. మళ్ళీ చెప్పాను.

"ఉండు" అని ఆమె లోపలికి తిరిగి కోడళ్ళను పిలిచింది. వాళ్ళిద్దరూ తడి చేతులు కొంగులకు తుడుచుకుంటూ వచ్చి, ఒక్క ముక్కా అర్థంకాని ఆ మాటలు వినడానికి గడపలో నిలబడ్డారు.