పెరుగు రాసిచ్చిన నర్సమ్మ

మా వాడకట్టు నర్సమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. బుధవారమే ఆమెకు అన్యాయం జరిగింది. చేసినవాడు మా వాడ సంఘం అధ్యక్షుడు, బియ్యం వ్యాపారి. సంఘం హాల్లో సంతాప సభ పెట్టి "మృదుభాషిణి, భక్తురాలు" అని ముగించాలట. ఆమె వైద్యం సంగతి ఎత్తొద్దట, ఆడవాళ్లు వింటారట! నర్సమ్మ మృదుభాషిణా? ఆమె గుసగుసలాడితే పక్క వీధి కుక్కలు లేచేవి. గుడి మెట్లెక్కగా నేనైతే చూడలేదు.

అందుకే ఆ వైద్యం సంగతే రాస్తున్నాను. రాయమన్నది మా అక్క.

అక్క కాపురానికి హసన్‌పర్తి వెళ్లిన కొత్తలో ఆ ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చాయి. అక్కడి డాక్టరు ఇంటిల్లిపాదికీ ఎరుపు, పసుపు క్యాప్సూళ్లు ఇచ్చి, జ్వరం తగ్గినా మింగుతూనే ఉండమన్నాడు. నెల తిరక్కముందే అక్కకు కింద దురద, మంట. బావను దగ్గరికి రానివ్వలేకపోయింది. అత్త "పెండ్లికి ముందటి రోగం" అని పేరు పెట్టి పుట్టింటికి పంపేసింది. మళ్లీ రావద్దన్నారు.

నాకు రక్తం మరిగింది. అత్తింటివాళ్ల మీద కరపత్రం రాసి నర్సమ్మకు వినిపించాను. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. చింతపండులో గింజలు తీస్తూ విన్నది.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. భూస్వామి ఉన్నడు, పెట్టుబడిదారుడున్నడు. మీ అక్క కడుపేదిరా ఇందుల?"

లేదన్నాను.

"లొల్లి గక్కడ మొదలైంది. పేగులల్ల మంచి క్రిములుంటయి, కింద గూడ ఉంటయి. అదేపనిగ గోలీలు మింగితే చెడ్డయాటితోని మంచియి గూడ సస్తయి. జాగ ఖాళీ అయితే బూజు మొలుస్తది. గంతే. దీనికి ఇజ్జత్‌తోని ఏం పని?"

క్యాప్సూళ్లు మాన్పించింది. పూతకు బూజును చంపే నీలిమందు ఇచ్చింది. చీటీ మీద "పూటకో గిన్నె పెరుగు" అని రాసి, డాక్టరులా సంతకం కూడా చేసింది. పదిహేను రోజుల్లో అక్క తేరుకుంది. అయినా అత్తింటివాళ్లు నమ్మలేదు. నర్సమ్మ నన్ను వెంటబెట్టుకొని హసన్‌పర్తి బస్సెక్కింది.

వాకిట్లోనే మొదలుపెట్టింది.

"వదినా, నీ కోడలికి నయమైంది. గా గోలీలు నువ్వు గూడ మింగినవా?"

"మింగిన. అయితేంది?"

"మరి నీకెట్లున్నది కింద?"

బావ బావి దగ్గరికి నడిచాడు. మామ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెప్పులు వెతుక్కున్నాను. అత్త కాసేపు కొంగు నలిపి, నర్సమ్మ చెవిలో ఏదో చెప్పింది.

"అట్లనా! మరి నీది గూడ పెండ్లికి ముందటి రోగమేనా?"

వీధిలో నలుగురు ఆగారు. అత్త ముందు ఏడ్చింది, తర్వాత నవ్వాపుకోలేకపోయింది.

"జర మెల్లగ వదినా! గా నీలిమందు నాకింత ఇయ్యి." బావివైపు తిరిగి అరిచింది: "ఓ పోరగా, రేపు పొద్దుగాల్నే పోయి పిల్లను తోల్కరా!"

తిరుగు బస్సులో పొగడబోతే నర్సమ్మ కసిరింది. "కడుపు గురించి మాట్లాడితే డాక్టరంటరు, జానెడు కిందికి దిగితే సిగ్గులేనిదంటరు. నేను గా జానెడు దిగిన. గంతే."

సంఘం హాలు మాకు అక్కరలేదు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు నర్సమ్మ ఇంటి ముందుకు రండి. ముందు చాపలు ఆడవాళ్లకే. మొదట మా అక్క మాట్లాడుతుంది. ఆ తర్వాత తాను మాట్లాడతానని వాళ్ల అత్త హసన్‌పర్తి నుంచి కబురు పంపింది. మైకు వద్దట, తన గొంతు చాలట.