ప్రహరీ పడ్డ ఏడాది

మా మామకు తన ప్రహరీ గోడ మీద ఉన్నంత ప్రేమ ఇంట్లో ఏ మనిషి మీదా ఉండేది కాదు. ఆళ్లగడ్డలో మాది పెద్ద మట్టిమిద్దె. ముందు వాకిలి, వాకిలి చుట్టూ మనిషికన్నా ఎత్తైన మట్టిగోడ. గోడకు ఇవతల ఆడవాళ్లు, అవతల ఊరు. మా అత్త కోడలిగా వచ్చినప్పటి నుంచీ వీధిలో కాలు పెట్టలేదు. పెళ్లికో పురుటికో పోవలసివస్తే వాకిట్లోనే గూడుబండి ఎక్కించి, తెరలు కట్టి పంపేవారు. నా పుట్టిల్లు నంద్యాల. మా నాయన నన్ను అంగళ్లకు వెంటబెట్టుకొని తిరిగిన మనిషి. పెళ్లయ్యాక నేనూ ఆ గోడ లోపలే బతకవలసి వచ్చింది.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. ఆ వేసవిలో అత్త మామతో ఒకే మాట చెబుతూ వచ్చింది, మిద్దె మీద చవుడు పరిపించమని. మట్టిమిద్దెకు ఏటేటా చవుడు మన్ను పరిచి తొక్కితేనే వాననీళ్లు లోపలికి దిగవు. మామ బండ్ల కొద్దీ మన్ను తోలించాడు. తోలించి గోడ మీద వేయించాడు. బజారులో ఎవరో కొత్తగా మేడ కట్టారట, దాని మీద నిలబడితే మా వాకిలి కనిపిస్తుందట! అత్త లోపలికి పోయి తిరగలి ముందు కూర్చుంది. మా ఆయన మాత్రం "నాయన చేసింది మంచి పని" అన్నాడు. ఆయన సొంతంగా అన్న మాట నాకు ఒక్కటీ గుర్తు లేదు.

దీపావళి దాటాక తుపాను వచ్చింది. సముద్రం ఎక్కడో నెల్లూరు దిక్కున, మధ్యలో ఇన్ని కొండలు. మా దాకా ఏం వస్తుందిలే అనుకున్నాం. పట్టపగలు చీకటి కమ్మింది. చొప్పవాములు గాలికి లేచిపోయాయి. మిద్దె పదిచోట్ల ధారకట్టింది. వంటింటి దూలం విరిగి ఆ మూలంతా కూలింది. పాకే వయసు పాపను చంకనేసుకొని నేనూ అత్తా నడవలో తలుపు చట్రం కింద నిలబడ్డాం. అప్పుడు వాకిట్లో ఏనుగు పడ్డంత చప్పుడైంది. మామ కొత్తగా ఎత్తు పెంచిన గోడ, కిందున్న పాత గోడను కూడా లాక్కొని వీధిలోకి బోర్లాపడింది. మామ "అయ్యో!" అని తల పట్టుకున్నాడు. వంటిల్లు కూలినప్పుడు పట్టుకోలేదు.

వాన వెలిసింది. ఊళ్లో సగం ఇళ్లకు కప్పు లేదు. మా మామ నోటినుంచి వచ్చిన మొదటి ఆజ్ఞ ఇది:

"ఆడోళ్లు ముందర వాకిట్లేకి రావద్దు. గోడ ల్యాదు."

"మరి పాతర సంగతేంది?" అంది అత్త. వాకిట్లో లోతుగా గుంత తవ్వి, ఏడాది గింజలు అందులో పోసి పైన బండ మూసేవారు. దాన్నే పాతర అంటాం. "నీళ్లు దిగినాయి. జొన్నలు కుళ్లిపోతాయి."

"ముందు గోడ. జొన్నల సంగతి తర్వాత."

"వంటింటికి దూలాలు?"

"నంద్యాలకు పోతాండాం. తెస్తాంలే."

నల్లమల కట్టె రుద్రవరం నుంచే నంద్యాలకు పోతుంది. ఆ రుద్రవరం మాకు పక్కనే ఉంది. ఆ మాటే నేనంటే మా ఆయన కళ్లెర్రజేసి "నాయనకు తెల్దా? నీకు తెలుసా?" అన్నాడు. నంద్యాలలో మామకు అన్న ఉన్నాడు. ఆయనది రాతికట్టడం, చుక్క కారని ఇల్లు. తండ్రీకొడుకులకు తెలిసిందల్లా అదే. వాగు తగ్గీ తగ్గగానే బండి కట్టించుకొని వెళ్లిపోయారు. జీతగాళ్ల గుడిసెలు కూడా లేచిపోయాయి కాబట్టి వాళ్లు తమ పిల్లాపాపలను చూసుకోను పోయారు. వాకిలి ముందు మామ కట్టించిపోయిన గోనెపట్టాలు తెల్లారేసరికి గాలికి ఊడిపోయాయి.

ఇంట్లో తడి కట్టెలు, పొయ్యి లేదు, పాపకు జ్వరం. మా ఎదురుగా వీధికి అవతల పరుపులు కుట్టే సాయిబు ఇల్లు. చిన్నదే కానీ పైన నాపబండలు పరిచిన ఇల్లు, తుపానుకు చెక్కుచెదరలేదు. సాయిబు భార్య మట్టికుప్ప ఎక్కి మా గడప దాకా వచ్చింది.

"అక్కా, మా పొయ్యి మండుతాండాది. వచ్చి వండుకోండి. పాపను ఆరిన తావున పండబెట్టండి."

అత్త గడపలో నిలబడింది. పాతరలోంచి పులిసిన వాసన వస్తోంది. వాకిలి వంక, కూలిన గోడ వంక, వీధి వంక చాలాసేపు చూసింది.

"ఎవురికి కనపడతామని దాంకుంటాండాం మ్మే?" అంది నాతో. "చూసేదానికి ఎవురుండారు? అందరూ వాళ్ల వాళ్ల మన్ను ఎత్తుకుంటాండారు."

చీరకొంగు నడుముకు దోపి మట్టికుప్ప దాటింది. నేను పాపతో వెనకే నడిచాను.

పాపకు కషాయం పట్టి పండబెట్టి మళ్లీ మా వాకిట్లోకే వచ్చాం. బండ తీసి, పాతర బాగా గాలాడాక, దీపం దించి అది ఆరకుండా ఉందని చూశాక సాయిబు లోపలికి దిగాడు. ఆయన గంపలకెత్తుతుంటే ఆయన భార్యా, అత్తా, నేనూ పైకి లాగాం. పైపొరలోనూ, అంచుల వెంబడీ గింజలు ఉబ్బి నల్లబడి చేతికి జిగురుగా అంటుకున్నాయి. వాటిని దిబ్బలో పోశాం. నడిమి జొన్నలు చెమ్మగిల్లాయి కానీ చెడిపోలేదు. ఎండబెట్టడానికి ఊళ్లో ఎక్కడా ఆరిన నేల లేదు, సాయిబు బండల మిద్దె తప్ప. అత్త నిచ్చెన ఎక్కింది. పైన నిలబడి నాలుగు వైపులా చూసి నవ్వింది.

"ఇంతేనా మ్మే ఊరు? నేను శానా పెద్దది అనుకుంటి."

ఎండ కాసినన్ని రోజులూ ఆ మిద్దె మీద కాళ్లతో జొన్నలు కెలుకుతూ ఉన్నాం. దారిన పోయేవాళ్లు తలెత్తి చూసి, తమ పనికి తాము పోయారు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మామ బండి వచ్చింది. దాంట్లో ఒక్క దూలం లేదు. సింహం మొహాలూ పువ్వులూ పోతపోసిన పెద్ద ఇనుప గేటు ఉంది. అన్న ఇంటికి అలాంటిది ఉందట, చూసి ముచ్చటపడి అక్కడే ఉండి చేయించుకొచ్చాడు.

"ఏందిది? దిగు!" మామ బండి మీదే లేచి నిలబడ్డాడు. "ఊరంతా చూస్తాండాది."

"చూడనీండి. జొన్నలు ఎండల్ల కదా," అంది అత్త పైనుంచే. "దూలాలు యాడ?"

"మల్లా తెస్తాం. ముందు గేటు."

"దేనికి తగిలిస్తారు దాన్ని?"

మామ కూలిన గోడ వైపు చూశాడు. బండి తోలేవాడు ఎద్దుల తాళ్లు సర్దే నెపంతో మొహం అటు తిప్పుకున్నాడు. మా ఆయన, అలవాటు కొద్దీ, తండ్రి ఏమంటాడో అని ఆయన నోటి వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ క్షణంలో నాకు మొగుడి మీద కోపం కూడా రాలేదు. కోపం రావడానికి అక్కడ ఎవరైనా ఉండాలి కదా.

సాయిబు పొయ్యి మీద వండింది ముట్టనని మామ పంతం పట్టాడు. పొద్దు వాలేదాకా కూర్చొని, చివరికి కొడుకుతో "ఏమన్నా ఉందేమో చూడు" అన్నాడు. జొన్నసంగటి రెండు ముద్దలు తిన్నాడు. మూడోది తింటూ వాసన వస్తోందని వంక పెట్టాడు.

తర్వాత మా అమ్మ చెప్పింది. నంద్యాలలో ఈ తండ్రీకొడుకులు రోజూ కాఫీ హోటల్లో కూర్చొని, తుపానులో ప్రాణాలకు తెగించి ఇల్లు ఎలా కాపాడారో కథలు చెప్పారట. మామ ఆ కథను పెళ్లిళ్లలో కూడా చెప్పేవాడు. ఏడాదికేడాది అందులో గాలి పెరుగుతూ పోయింది, జొన్నలు ఎత్తినవాళ్లు కనబడకుండా పోయారు. అత్త పక్కనే ఉండి వినేది, ఒక్కసారీ సరిదిద్దలేదు. "అబద్ధం చెప్పుకుంటేనే ఆయనకు అన్నం అరుగుతాది, పోనీ" అనేది.

దూలాలు మాత్రం అత్తే జీతగాళ్లను రుద్రవరం పంపి తెప్పించింది. వంటిల్లు లేచింది, మిద్దె మీద చవుడు పడింది. గోడకు మన్ను మిగల్లేదని చెప్పింది. గేటు ఇంటి గోడకు ఆనించి ఉండేది, కోళ్లు దాని మీద ఎక్కి కూర్చునేవి.

వంటిల్లు లేచిన వారమే సంత రోజున అత్త గంప చేత పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. నన్నూ రమ్మంది. మా ఆయన అరుగు మీద నుంచి లేచాడు.

"యాడికి పోతాండారు? నాయనను అడిగినారా?"

అత్త ఆయన మొహం కూడా చూడలేదు. నేనూ చూడలేదు. ఉల్లిగడ్డలు ఏ పక్క అమ్ముతారో కనుక్కుంటూ ఇద్దరం సంతకు నడిచాం.