మూడు కాళ్ల పిల్లి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉంటే ఈ కోసాడ్ కాలనీలో, నాలుగో అంతస్తులో ఒక్కదాన్నే ఉండగలనా? నాకు రాయరాదు. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. ఒక్క ముక్క కూడా కలపవద్దని ముందే చెప్పాను.

మా ఆయన కంప్యూటర్‌లో చీరల డిజైన్లు గీసేవాడు. ప్రతి డిజైన్‌లో అంచు చివర చిన్న చిలుకను దాచేవాడు. ఎవరైనా దొంగిలించి నేస్తే పట్టుకోవడానికి. ఆ చిలుక సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఒక ఎండాకాలం గుండె ఆగి పోయాడు. కంప్యూటర్‌ను పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టాను. ఏడాది దాకా ముట్టలేదు.

ఏడాది తిరిగాక దసరా వచ్చింది. మా వాళ్లు మగ్గానికి పూజ చేస్తారు. మా ఇంట్లో మగ్గమంటే ఆ కంప్యూటరే కదా. పసుపు నీళ్లు చల్లాను, బొట్టు పెట్టాను, స్విచ్ వేశాను. టప్పుమంది. కాలిన వాసన వచ్చింది.

ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. డుమస్ సముద్రం ఒడ్డున బజ్జీల్లాంటి భజియాలు తింటూ ఆయన నవ్విన ఫొటో నాకు కావాలి. ఆధార్ కార్డు మీద ఉన్న మొహం ఆయనది కాదు.

సలాబత్‌పురాలో కంప్యూటర్లు బాగుచేసే శ్రీధర్ ఆయనకు దోస్తు. అతని దగ్గరికి మోసుకుపోయాను.

"మగ్గానికి చల్లినట్టు దీనికి నీళ్లు చల్లినవా వదినా? అన్న ఉంటే నీకే దండం పెడుతుండె!"

"నవ్వకు. ఫొటో తీసియ్యి."

డిస్కును లోపల గదులుగా విడగొడతారట. ఆ గోడలు చెడిపోయాయట. సామాను ఉంది కానీ ఏది ఎక్కడుందో తెలియదన్నాడు. ఐదు రోజులు వెతికాడు. ఫైళ్ల పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయి.

డుమస్ ఫొటో దొరికింది. ఆకాశం వచ్చింది, సముద్రం వచ్చింది. ఆయన మొహం ఉండాల్సిన చోటు నుంచి కింది దాకా ఒకటే బూడిద రంగు.

చివరికి ఒక డిజైన్ తెరుచుకుంది. మామిడి పిందెలు, ఆయన చేతి గీతే. అంచు చివర చిలుక కోసం చూశాను. చిలుక లేదు. ఆ చోట పిల్లి ఉంది. వెనక ఎడమ కాలు లేని పిల్లి.

ఆయన పోయిన రెండు నెలలకు, వానలో తడుస్తూ మా గుమ్మం ముందుకు ఒక పిల్లి వచ్చింది. దానికీ ఆ కాలే లేదు. పాలు పోస్తాను. నేను మాట్లాడేది దానితోనే. ఆయన ఉన్నప్పుడు పిల్లిని గడప తొక్కనిచ్చేవాడు కాదు.

శ్రీధర్ తారీఖు చూశాడు. "వదినా, ఇది అన్న పోయిన ఆరు నెలలకు గీసినట్టు చూపెడుతున్నది" అన్నాడు. "లోపలి గడియారం సెల్లు అయిపోతే తారీఖులు గిట్లనే తప్పుతయి."

"మరి పిల్లి?"

"ఏ పిల్లి?"



ఆ ఆరు నెలలూ కంప్యూటర్ మంచం కిందే ఉంది. చీర ముడి విప్పలేదు. పిల్లి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఎలా ఉన్నావని అడిగినవాళ్లుంటే కదా చెప్పడానికి. ఎవరూ అడగని ఆ సంగతి ఆయన గీసిన అంచులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.