జున్ను పాలు కూడా లభించును

శాలిబండలో మా పక్కింటి అక్క వాళ్లది పాల వ్యాపారం. గేటు పక్కనే ఉన్న కొట్టంలో నాలుగైదు బర్రెలున్నాయి. పాత గిరాకీలు ఒక్కొక్కరే ప్యాకెట్ పాలకు మారిపోయారు. చాంద్రాయణగుట్ట వైపు కొత్త ఇళ్లవాళ్లు రాకపోతే ఒక బర్రెను అమ్మక తప్పదని ఆమె భర్త అంటున్నాడు. బంధువెవరో వాళ్లకొక వెబ్‌సైట్ చేసిపెట్టాడు గానీ, ఎంత వెతికినా అది ఎవరికీ కనబడేది కాదు.

"నేను జూస్కుంట అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

నేను చదువు మధ్యలో ఆపినవాణ్ని. తెలిసిందంతా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఆ మాట నలుగురిలో చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. ఈ పనికీ అక్కడే ఒక పుస్తకం దొరికింది. ఫోన్‌లో వెతికితే పెద్దక్షరాల్లో వచ్చే శీర్షిక, దాని కింద చిన్నక్షరాల వివరణ చూసే జనం లోపలికి రావాలో వద్దో తేల్చుకుంటారట. వాళ్లు వెతికే మాటలే అక్కడ కనబడాలట.

శీర్షిక బాగానే కుదిరింది: "శాలిబండలో చిక్కటి బర్రె పాలు, మీ కళ్ల ముందే పిండి ఇస్తాం." వివరణ దగ్గర నాకు తెలివి ఎక్కువైంది. జున్ను పాల కోసం జనం తెగ వెతుకుతున్నారని చూసి "జున్ను పాలు కూడా లభించును" అని చేర్చాను. పేజీలో లేనిది వివరణలో చెప్పకూడదని అదే పుస్తకంలో ఉంది. అది పెద్ద కంపెనీలకు చెప్పిన మాటే అనుకుని దాటేశాను.

బర్రె ఈనితే అక్క వాళ్లు ఆ పాలు అమ్మరు. దేవుడి ముందు పెట్టి వాడకట్టంతా పంచుతారు. అమ్ముకుంటే దూడకు మంచిది కాదని వాళ్ల నమ్మకం. చిన్నప్పటి నుంచీ మా ఇంటికీ ఒక గిన్నె వస్తుంది. తెలియక రాశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

వారం తిరక్కుండానే, పాలు పిండే వేళకు స్కూటర్ మీద ఒకాయన క్యాను పట్టుకొచ్చాడు.

"జున్ను పాలియ్యమ్మా."

"గవి అమ్మం అన్నా. మామూలు పాలు దీస్కపో."

"అమ్మరా? మరి గిదేంది?" ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. "జున్నని పిలిచి మామూలు పాలు అంటగడ్తరా? మస్తు తెలివే!"

పాలకు నిలబడ్డ ఒక ముసలామె ముక్కున వేలేసుకుంది. "ఏమే, జున్ను గూడ అమ్ముకునే కాడికి వచ్చిన్రా?"

అందరూ వెళ్లాక అక్క నన్ను పిలిచింది. "పాలల్ల నీళ్లు గలిపిన అంటే గూడ వడ్తుంటి తమ్మీ. గీ మాట వడలేను. తీసెయ్."

ఆ పూటే తీసేశాను. కానీ పేజీలో మార్చినంత మాత్రాన వెతికినచోట వెంటనే మారదు. పాత మాటే ఇంకా కనబడుతోంది. అందుకే పొద్దున్నే వాళ్ల గేటు దగ్గర నిలబడి, జున్ను కోసం గిన్నెలతో వచ్చేవాళ్లను బయటే ఆపి చెప్పి పంపుతున్నాను.

నిన్న ఒక పెద్దాయన ఆటో దిగి వచ్చాడు. సంగతి చెప్పగానే నిట్టూర్చాడు.

"రాసినోడు ఎవడో గని, నీతి ఇమాన్ లేనోడు. నీకెరుకేనా బేటా?"

"తెల్వదు చాచా" అన్నాను.

కొట్టంలో అక్క పిండుతున్న పాలు బకెట్‌లో పడే చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.