హుకుంపేటకి ఆల్టర్నేటర్ మోసుకెళ్ళాను

అరకు చూడాలని బయల్దేరిన వాళ్ళు కెమెరా తీసుకెళతారు, స్వెట్టర్లు తీసుకెళతారు. నేను గోనెసంచిలో ఆల్టర్నేటర్ తీసుకెళ్ళాను. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రం అది. కంచరపాలెంలో ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేసినంత కాలం నా చేతుల్లో నలిగిన సామాను. రిటైరయ్యాక ముట్టుకోవడం ఇదే మొదలు.

కారణం సుకురు చేసిన ఫోను. హుకుంపేట దాటాక ఒక కొండ ఊళ్ళో ఉంటాడు. షాపులో ఉన్న రోజుల నుంచీ అతని పాత డీజిల్ జీపుకి వైరింగు చేసింది నేనే. సంత రోజున చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనీ వాళ్ళ చింతపండునీ కోళ్ళనీ ఎక్కించుకుని తిప్పుతుంటాడు. "మేస్త్రిగోరు, బేటరీ ఎక్కట్నేదు. లైట్లు గుడ్డిదీపాల్లాగ అయిపోనాయి" అన్నాడు. పాడేరు మెకానిక్కు బండిని కొన్ని రోజులు వదిలిపెట్టమన్నాడట. "ఒగ్గీడానికి అవ్వదు. సంత అయిన రాత్రికి మాయమ్మని పుట్టినూరు తీసుకెళ్ళాల. తెల్లారితే అక్కడ మామిడి కొత్త పండగ" అన్నాడు.

నేనే వచ్చి ఇంటి దగ్గర బిగిస్తానని మాటిచ్చేశాను. అరకు కూడా చూసినట్టుంటుందని లోపల ఆశ. "ఎవడో పిలిస్తే సాలు, ఈయన సేతులు కుదురుగుండవు" అంది మా ఆవిడ, సంచిలో సువర్ణరేఖ మామిడిపళ్ళు సర్దుతూ. ఉత్తచేతులతో ఎవరింటికీ వెళ్ళకూడదు కదా.

విశాఖపట్నంలో కిరండూల్ పాసింజరు పొద్దున్నే బయల్దేరుతుంది. రిజర్వేషను లేకపోతే ముందుగా వెళ్ళి కుడివైపు కిటికీ పట్టుకోండి. లోయలన్నీ అటే. నేను పట్టుకున్నాను గానీ, కొత్తవలసలో ఎక్కిన ఒక కుటుంబం పిల్లలు ఆ కిటికీని నెమ్మదిగా ఆక్రమించేశారు. వాళ్ళ నాన్న నా ఒళ్ళో మూట కేసి అనుమానంగా చూశాడు.

"ఏటండి బాబూ అది? కింద పెట్టీయొచ్చు కదా."

"జీపు సామానండి. దెబ్బ తగిలితే పాడైపోద్ది" అన్నాను. కింద పెడితే ఏమీ కాదు. ఇనుమే కదా. కానీ నాకు ఒళ్ళో పెట్టుకోవాలనిపించింది. చాలా రోజులకి ఒకరికి అవసరమయ్యాను.

శృంగవరపుకోట దాటాక ఇడ్లీ పొట్లం విప్పాను. టైడా వచ్చేసరికి గాలి మారింది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. బొర్రా గుహల స్టేషన్లో ఆ కుటుంబం దిగిపోయాక నా కిటికీ నాకు దక్కింది. అక్కడ తీరుబడిగా ఒక మామిడిపండు కోసుకు తిన్నాను. ఎంత తియ్యగా ఉందో. అరకులో దిగేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు. స్టేషను బయట కాఫీ తాగి, ఆటోవాళ్ళు మ్యూజియం చూపిస్తామంటే వద్దని, పాడేరు వెళ్ళే బస్సెక్కాను. బస్సులో పక్కన కూర్చున్నావిడ రెండు కోళ్ళ కాళ్ళు కట్టి ఒళ్ళో పెట్టుకుంది. నా మూటా ఆమె కోళ్ళూ దారంతా ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

హుకుంపేటలో సంత జోరుగా ఉంది. సంత జనంతో పాటు నన్నూ ఎక్కించుకుని సుకురు వాళ్ళ ఊళ్ళో దించేటప్పటికి మూడో జాము దాటింది. మనిషి కాస్త చిక్కాడు. "భోజనం సేసి మొదలెడదుం మేస్త్రి" అన్నాడు. అతని ఇంటి ముందు నేల ఏటవాలుగా ఉంటుంది. జీపుని ముక్కు కిందికి పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేస్తాడు. సెల్ఫు పనిచెయ్యకపోయినా రాయి తీసి దొర్లించి గేరు వేస్తే స్టార్టవుతుంది. కొండల్లో జీపులన్నీ ఇలాగే నిలబెడతారట. డీజిల్ ఇంజను కాబట్టి పగలు కరెంటు లేకపోయినా నడుస్తుంది. చీకటి పడితేనే చిక్కు.

నేను మామిడిపళ్ళ సంచి ఇచ్చాను. సుకురు తల్లి బుదురమ్మ దాన్ని అందుకుని, మూతి కట్టేసి, ఎత్తున చిలక్కొయ్యకి తగిలించింది. ఇంట్లో పిల్లలు దానికేసి చూశారు గానీ ఎవరూ అడగలేదు. పెరట్లో మామిడిచెట్టు కింద పళ్ళు రాలి పడున్నాయి, వాటినీ ముట్టుకోలేదు. నాకు తెలియక, "తినమనండి, మంచి రకం" అన్నాను.

"ఇంకా కొత్త పెట్టనేదు బాబూ" అంది ఆవిడ. "సామికి పెట్టి మేం తింతాం. అంతదాకా ముట్టుకోం."

అప్పుడు నాకు రైల్లో తిన్న పండు గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

జొన్నన్నం తింటూంటే ఆవిడే చెప్పింది. ఆవిడ పుట్టిల్లు అనంతగిరి వైపు, కొండ అవతల. అక్కడ పూజ చేసేది ఆవిడ తమ్ముడు. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడు చంకన మోసే వయసు. "నానే ఎత్తుకు తిప్పినాను. ఆడు పూజ పట్టినకాణ్ణించి మొదటి ముక్క నా సేతిలోనే పెడతాడు. ఆడు పెడితేనే నాకు కొత్త" అంది. ఇప్పుడతను మంచం మీదున్నాడు. ఈసారికి మంచంతో సహా పూజ దగ్గరికి మోసుకెళతారట. మరుసటి ఏడు మాట ఎవరూ ఎత్తడం లేదు. పూజ పొద్దు పొడవకముందే అయిపోతుంది. ఆవిడ అప్పటికే ఉతికిన చీర కట్టుకుని, తమ్ముడికి కొన్న తువ్వాలు మూటగట్టి, ఇంటి గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దు వాలగానే బయల్దేరితే రాత్రికి చేరి, అక్కడే పడుకుని, వేకువకి తమ్ముడి పక్కన ఉండొచ్చు.

పనస చెట్టు నీడలో పని మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ నెగిటివ్ వైరు తీశాను. బెల్టు వదులు చేసి, బోల్టులు విప్పి, పాతదాన్ని దించాను. లోపల బేరింగు గరగరలాడుతోంది. కొత్తదాన్ని ఎక్కించి, వైర్లు బిగించి, బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాను. అరంగుళం దిగింది, సరిగ్గా ఉంది. నా చేతులు ఏదీ మర్చిపోలేదు. ఇరుగుపొరుగు నలుగురూ చేరి చూస్తున్నారు. సుకురు రాయి తీసి జీపు దొర్లించి స్టార్టు చేసి, పైకి తెచ్చి నిలబెట్టాడు. చార్జింగు దీపం ఆరింది, అంటే బ్యాటరీ ఎక్కుతున్నట్టే. అప్పటికి పొద్దు వాలుతోంది. హెడ్‌లైట్లు వేస్తే చెట్టు కింద పట్టపగలైంది. బుదురమ్మ మూట పుచ్చుకుని లేచింది.

"సాలు మేస్త్రి. బేగి ఎల్లిపోదుం" అన్నాడు సుకురు.

అక్కడ ఆగిపోతే ఈ ప్రయాణం గురించి ఇంకోలా రాసేవాణ్ణి. "ఉండవయ్యా, ఒక పరీక్ష చూపిస్తాను" అన్నాను. పాత డైనమోల రోజుల్లో మా గురువు నేర్పిన పరీక్ష అది. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకెయ్యాలి. అప్పటికీ లైట్లు వెలుగుతుంటే సామాను గట్టిదని లెక్క. ఆల్టర్నేటర్లకి ఈ పరీక్ష పనికిరాదని, వోల్టేజీ ఎగిరి లోపల కాలిపోతుందని షాపులో కుర్రాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. తెలిసిన మాట తెలిసినట్టే ఉంది. కానీ చుట్టూ నలుగురు చూస్తున్నారు. మేస్త్రిగోరంటున్నారు. మెచ్చుకోలు ఇంకొంచెం కావాలనిపించింది. పీకాను.

హెడ్‌లైట్లు ఒక్కసారి తెల్లగా మండి ఆరిపోయాయి. కాలిన వాసన వచ్చింది. వైరు మళ్ళీ తగిలించాను, చార్జింగు దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. ఇంజను మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది.

"ఏటైనాది?" అని అడిగింది బుదురమ్మ.

సుకురు వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండును. బల్బులు ఊళ్ళో దొరకవు. పాత ఆల్టర్నేటర్ ఎప్పుడో చచ్చింది. ఊళ్ళో రెండో జీపు పెళ్ళివారితో పోయింది. సుకురు హుకుంపేటకి ఫోను చేస్తే, ఆ ఘాటీ ఎక్కడానికి చీకట్లో ఆటోవాడెవడూ ఒప్పుకోలేదు. టార్చిలైటు పట్టుకుని మెల్లగా పోదామని సుకురు అంటే తల్లి అడ్డంపడింది. "ఒద్దు. పిల్లలుగలోడివి. సీకట్లో ఆ లోయ పక్కన ఒద్దు" అంది. ఆవిడ పుట్టినూళ్ళో సిగ్నలు లేదు, రావడం లేదని తమ్ముడికి చెప్పే దారీ లేదు. ఆవిడ మూటని తెచ్చి నా మామిడిపళ్ళ సంచి పక్కనే తగిలించింది. "అన్నం తినీ బాబూ, అలిసిపోనావు" అంది నాతో.

వెలుగు రేఖ పడగానే రాయి తీసి జీపు దొర్లించాం. తల్లిని దింపాక నన్ను టైడాలో రైలు దగ్గర దింపొచ్చని, సుకురు నన్నూ రమ్మని ముందు సీట్లో కూర్చోమన్నాడు. నేను వెనకెక్కి, ఆవిడని ముందు కూర్చోబెట్టాను. కాఫీ తోటలు, మిరియాల తీగలు, మంచు, కింద ఎక్కడో వాగు చప్పుడు. చూడదగ్గ దారి. చూడ్డానికి వచ్చినవాణ్ణే, కానీ నా చూపంతా ఆవిడ వీపు మీదే ఉంది. మలుపు తిరిగి తూర్పు కొండ మీద సూర్యుడు కనబడగానే ఆవిడ తల కొంగు ముందుకి లాక్కుంది. సుకురు వేగం తగ్గించాడు. ఇక తొందరెందుకని కాబోలు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి పిల్లల మూతులన్నీ మామిడి రసం. డప్పులు పక్కన పెట్టి మగవాళ్ళు కబుర్లలో ఉన్నారు. ఆ తమ్ముడు అరుగు మీద మంచంలో ఉన్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. అక్కని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"సూసినాం అక్కా. సానాసేపు సూసినాం. పొద్దెక్కిపోతంటే ఊరు ఆగదు కదా. నీ ముక్క గుంటకి పెట్టీసినాను" అన్నాడు, పక్కనున్న మనవరాలిని చూపిస్తూ.

"మంచి పనే సేసినావు" అంది ఆవిడ. మూట విప్పి కొత్త తువ్వాలు అతని గుండెల మీద పరిచింది. "వొచ్చే ఏడు మాత్రం నా ముక్క నాకే పెట్టాల."

అతను నవ్వాడు, అవునని అనలేదు. ఎవరో తరిగిన మామిడి ముక్కలు ఆకులో పెట్టి ఆవిడ ముందుంచారు. ఆవిడ తినలేదు. ఆకు పిల్లల వైపు జరిపి, గిన్నెలోంచి గంజి తీసి తమ్ముడికి చెంచాతో పట్టడం మొదలుపెట్టింది. నేను వెళ్ళొస్తానని చేతులు జోడిస్తే, "మీ పళ్ళు ఇంటికాడ పిల్లలు తింతారు బాబూ, కొత్త అయిపోనాది కదా" అంది. నన్ను ఓదార్చడానికే అంది.

టైడా స్టేషన్లో సుకురు దింపాడు. కాలిపోయిన ఆల్టర్నేటర్ గోనెసంచిలో కట్టుకున్నాను. బాగుచేయించి, బల్బులతో సహా పంపుతానన్నాను. "పంపండి మేస్త్రి, సంతలున్నాయి కదా" అన్నాడు. ఈసారి వచ్చి బిగిస్తానని నేను అనలేదు, రమ్మని అతనూ అనలేదు.

విశాఖ వెళ్ళే బండి సాయంత్రం వచ్చింది. సీటు సులువుగానే దొరికింది. మీలో ఎవరైనా ఈ దారిన వెళితే, ఆ కొండలు నిజంగా బాగుంటాయి. మనుషులు అంతకంటే బాగుంటారు. ఎండాకాలంలో వెళితే మాత్రం మామిడిపళ్ళు పట్టుకెళ్ళే ముందు కొత్త అయిందో లేదో కనుక్కోండి. లైటు వెలిగి, ముసలామె మూట పుచ్చుకుని లేచాక, ఇంక ఏమీ పరీక్షించకండి.

శివలింగపురంలో ఒకావిడ బుట్టతో ఎక్కి, మామిడి ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి అమ్మడం మొదలుపెట్టింది. నా ఒళ్ళో మూట చూసి, "కింద పెట్టీండి బాబూ, బరువు కదా" అంది. ఒక ముక్క నా ముందుకి చాపింది.

"తినండి. ఊరికే రుసి సూడండి. తియ్యగున్నాది."

"ఈ ఏడు తిననమ్మా" అన్నాను.