శాంసన్ ఎర్ర కారుకు రెండో ప్రార్థన

"తాళం తిప్పంగనే ఆపెయ్యనీకి ఇదేమన్న నీ స్కూటరా తమ్మీ? జర ఆగు," అన్నాడు శాంసన్, స్టీరింగు మీద నుంచి చేయి తీయకుండా.

ఉప్పల్‌లో ఇంటి గేటు ముందు ఎర్ర టర్బో కారు గురగురమంటూనే ఉంది. పక్కింటి హెన్రీ కారు కిటికీ మీదికి వంగి వింటున్నాడు.

శాంసన్‌కు నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా నాచారం కార్ఖానాలో లేతు మీద పని. ఇనుము తప్ప ఇంకో వ్యసనం లేని మనిషని భార్య షైనీ అంటుంది, మెచ్చుకోలుగా మాత్రం కాదు. పోయినేడు పీర్జాదిగూడలో ఒక సెల్లారులో దుమ్ము కప్పుకుని ఉన్న ఈ రెండు తలుపుల బండిని చూశాడు. పదహారేళ్ళ పాతది. మూడు శనివారాలు చుట్టూ తిరిగి చూసి, నాలుగోసారి కొనేశాడు.

బానెట్ మీద పాస్టరుగారు చేయి పెట్టి ప్రార్థించందే షైనీ ఏ బండీ ఎక్కదు. ప్రార్థన పెట్టుకున్న రోజు బండి నడిపి చూద్దామని కీసర దాకా పోయి, ఆలస్యమైందని ఉరికించుకుంటూ లాలాపేట్ చర్చికి వచ్చాడు. అప్పటికే పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. వెనక క్వయర్ ఆడవాళ్ళు తెల్లచీరల్లో తలలు వంచి నిలబడ్డారు. దేవుని ముందు ఈ రొదేమిటని శాంసన్ టక్కున తాళం తిప్పేశాడు.

"గదే తప్పు," అన్నాడు. "ఇంజన్‌లకు గాలి నెట్టే టర్బో ఎర్రగ కాలి ఉంటది. ఇంజన్ ఆగితే దానికి ఆయిల్ అందదు, లోపలున్నది పెనం మీద నూనె తీరు మాడుతది. రెండు నిమిషాలు ఉత్తగ నడవనిచ్చి ఆపాలె. ఎర్కుండి గూడ జేసిన."

ప్రార్థన పావుగంట సాగింది. ఆమెన్ అన్నాక స్టార్ట్ చేస్తే నీలం పొగ లేచి తెల్లచీరలన్నిటినీ కప్పేసింది. అసలే అలసిపోయి ఉన్న టర్బో ఆ పూటతో పోయింది. క్వయర్‌లో పాడే స్వర్ణలత దగ్గుతూనే, "అన్నా, మన చర్చిల సాంబ్రాణి ఎయ్యం గదా!" అంది. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. తన ప్రార్థనే అందలేదనుకున్నారేమో, మళ్ళీ ఆ బండి ఊసెత్తలేదు. రెండోసారి ప్రార్థన అయ్యేదాకా ఎక్కనని షైనీ తేల్చేసింది. ఎనిమిది నెలలుగా శాంసన్ పక్క సీటు ఖాళీగానే తిరుగుతోంది.

టర్బో లోపలి భాగం ఢిల్లీ నుంచి తెప్పించి, ఆయిల్ పైపుకు రాగి వాషర్లు లేతు మీద తనే తయారుచేసి బిగించాడు. మూడు నెలలుగా పొగ లేదు. నిన్న షైనీయే వెళ్ళి పాస్టరుగారిని అడిగొచ్చింది. రేపు సాయంత్రం ఆరాధన అయ్యాక రమ్మన్నారు. శాంసన్ షిఫ్టు దిగి నాచారం నుంచి నేరుగా రావాలి.

"అయ్యగారికి చెప్పరాదే, రెండు నిమిషాలు ఆగుమని?" అన్నాడు హెన్రీ.

"దేవునికన్న ముందు నా మిషన్‌ను సల్లబడనియ్యుండ్రని ఎట్లంటరా?"

శాంసన్ ఫోన్‌లో గడియారం చూసి తాళం తిప్పాడు. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"పండుకున్నడా నీ రెండో కొడుకు?" లోపల్నుంచి షైనీ అరిచింది.

శాంసన్ పక్క సీటు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

"రేపు నువ్వు ముందే పో తమ్మీ. అయ్యగారు బయటికి రాంగనే మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల ముచ్చట తియ్యి. నేనొచ్చి ఇంజన్ ఆపేదాక ఆయనను కండ్లు మూయనియ్యకు."